డ్యాక్ మారిందా, వాల్యూమ్ మారిందా?

మొన్న సంక్రాంతికి మా బావమరిది బెంగళూరు నుంచి వస్తూ సంచిలో అరచేతికంటే కాస్త పెద్దదైన నల్లటి పెట్టె ఒకటి తెచ్చాడు. డ్యాక్. అంకెల రూపంలో దాచిన పాటను మళ్ళీ కరెంటు అలగా మార్చే యంత్రం. ఇరవై రెండు వేలు పెట్టి కొన్నాడట. నా దగ్గర అప్పటికే ఒకటి ఉంది. ఆపిల్ వాళ్ళ డాంగిల్, జానెడు కూడా లేని తెల్లటి తీగ. అమెరికాలో దాని ధర 9 డాలర్లు. లాప్‌టాప్ నుంచి రెండింటినీ మా పాత స్టీరియో యాంప్‌కి ఒకదాని తర్వాత ఒకటి తగిలించి, ఒకే పాట పెట్టి విన్నాం. పావు నిమిషం కూడా పట్టలేదు.

"విన్నారా బావా! తెర తీసేసినట్టు లేదూ?"

విన్నాను. నిజంగా తీసేసినట్టే ఉంది. గొంతు ముందుకు వచ్చింది, మృదంగం కుడి తలకీ ఎడమ తలకీ మధ్య ఎడం తెలిసింది. నా తెల్ల తీగ మీద నాకే చిన్నచూపు కలిగింది.

భోజనాలయ్యాక మల్టీమీటరు తీశాను. యాంప్ నుంచి తీగలు ఊడదీసి, పూర్తి స్థాయి టోన్ ఒకటి మోగించి రెండింటి అవుట్‌పుట్ కొలిచాను. డాంగిల్ 1.0 వోల్టు, నల్ల పెట్టె 2.1 వోల్టులు. పాటలు వింటున్నంతసేపూ యాంప్ మీద నాబ్‌ను మేం ముట్టుకోలేదు. అంటే నల్ల పెట్టె వంతు వచ్చినప్పుడు పాట 6.4 డెసిబెల్స్ గట్టిగా మోగింది. తెర తీసింది ఆ అదనపు 1.1 వోల్టు.

ఇంట్లో పాటలు వినేవాళ్ళు రెండు డ్యాక్‌లను పోల్చి చెప్పుకునే మాటలు చాలానే ఉన్నాయి. వెచ్చదనం, లోతు, గాలి ఆడినట్టుండటం, గొంతులో తేమ. వీటిలో ఎక్కువ భాగం వోల్టుల తేడాకు మనం పెట్టుకున్న ముద్దుపేర్లని నా అభిప్రాయం. వోల్టులు సమానం చేశాక కూడా మిగిలే తేడాలు కొన్ని ఉన్నాయి, వాటిని కాదనను. కానీ అవి ఉన్నది చాలామంది వెతికే చోట కాదు.

44,100 వెనక ఉన్న టీవీ

సీడీ పాటలో ఒక్కో చానెల్‌కి సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి. 40 వేలూ కాక 50 వేలూ కాక ఈ చిల్లర అంకె ఎందుకంటే, 1970ల చివర్లో డిజిటల్ ధ్వనిని దాచుకోవడానికి చేతికి అందిన సాధనం వీడియో టేపు. టీవీ బొమ్మలో సెకనుకు 60 ఫీల్డులు, ఒక్కో ఫీల్డులో వాడుకోదగ్గ గీతలు 245, ఒక్కో గీతలో ఇరికించగలిగిన నమూనాలు 3. ఈ మూడింటినీ హెచ్చిస్తే 44,100. యూరప్ టీవీ పద్ధతిలో 50 ఫీల్డులు, 294 గీతలు, 3 నమూనాలు. హెచ్చించి చూడండి, మళ్ళీ అదే.

ఒక్కో నమూనా ఎత్తును 16 బిట్లతో రాస్తారు. అంటే 65,536 మెట్లు. డ్యాక్ ఆ అంకెను చదివి దానికి తగ్గ వోల్టేజీ ఇస్తుంది, తర్వాత ఫిల్టరు గతుకుల్ని నునుపు చేస్తుంది. నమూనాల వేగంలో సగం కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలో, అంటే సీడీకైతే 22,050 హెర్ట్జ్ లోపల ఉన్న ధ్వనిని నమూనాల నుంచి పూర్తిగా తిరిగి రాబట్టవచ్చని క్లాడ్ షానన్ 1949 నాటికే గణితంతో చూపించాడు. నమూనాకీ నమూనాకీ మధ్య సంగీతం జారిపోతుందన్న భయానికి అప్పుడే జవాబు దొరికింది. అయినా అమ్మకం కాగితాల మీద ఆ మెట్ల బొమ్మ ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది. భయానికి గిరాకీ ఉంది మరి.

1982 అక్టోబరు 1న జపాన్‌లో సోనీ సీడీపీ-101 అమ్మకానికి వచ్చింది, ధర 1,68,000 యెన్లు. డ్యాక్‌ల గురించి ఈనాటికీ నడిచే వాదాలన్నిటికీ బీజాలు ఆ మొదటి తరం ప్లేయర్లలోనే కనిపిస్తాయి. సోనీ 16 బిట్ల డ్యాక్ వాడింది, కానీ ఒక్కటే పెట్టి కుడి ఎడమలకు వంతులవారీగా నడిపించింది. దాంతో ఒక చానెల్ రెండోదానికంటే సుమారు 11 మైక్రోసెకన్లు వెనకబడేది. వినడానికి ఘోరంగా ఉంది కదా? అంతసేపట్లో ధ్వని గాలిలో ప్రయాణించే దూరం 4 మిల్లీమీటర్ల లోపు. సోఫాలో కూర్చుని తల ఇటు నుంచి అటు వాల్చితే అంతకు ఎన్నో రెట్లు తేడా వస్తుంది.

ఫిలిప్స్ చేతిలో అప్పటికి ఉన్నది టీడీఏ1540 అనే 14 బిట్ల చిప్పే. సీడీ ప్రమాణం 16 బిట్లని ఖాయమయ్యాక ఆ కంపెనీ ఇంజినీర్లు ఒక ఉపాయం పన్నారు. నమూనాల వేగాన్ని నాలుగు రెట్లు పెంచి 1,76,400 చేసి, 14 బిట్ల చిప్ చేసే తప్పుల రొదను చెవికి అందని ఎత్తైన ఫ్రీక్వెన్సీల వైపు నెట్టేశారు. ఫలితం 16 బిట్లకు సమానం. ఇప్పుడు మీ ఫోనులోనూ నా తెల్ల తీగలోనూ ఉన్న డ్యాక్‌లు ఈ ఉపాయానికి ముని మనవలు. కొద్ది బిట్లు, చాలా వేగం. ఈ వంశం పేరు డెల్టా-సిగ్మా.

వంద డెసిబెల్స్ అంటే ఎంత

ఒక్కో బిట్‌కి సుమారు 6 డెసిబెల్స్ వస్తాయి. 16 బిట్లంటే 98 డీబీ. పాటలోని అతి పెద్ద శబ్దానికీ, కిందనున్న రొదకూ మధ్య అంత దూరం. 24 బిట్లంటే కాగితం మీద 146 డీబీ.

కాగితం మీద అని ఎందుకన్నానో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. ఇంటి డ్యాక్‌లు సాధారణంగా 2 వోల్టులు ఇస్తాయి. ఆ అల కింది కొస నుంచి పై కొస దాకా ఉన్న పరిధిని 16 బిట్లుగా ముక్కలు చేస్తే ఒక్కో మెట్టు 86 మైక్రోవోల్టులు. 24 బిట్లుగా చేస్తే 0.34 మైక్రోవోల్టు. ఇప్పుడు ఒక కిలో-ఓమ్ రెసిస్టర్ తీసుకోండి, దుకాణంలో అర్ధ రూపాయికో రూపాయికో దొరికేది. దేనికీ తగిలించకుండా బల్ల మీద ఊరికే పడి ఉన్నా, గది వేడికి దానిలో ఎలక్ట్రాన్లు కదులుతూ, వినికిడి పరిధిలో 0.57 మైక్రోవోల్టు రొద పుట్టిస్తాయి. 24వ బిట్ మెట్టు కన్నా అది ఎక్కువ. అందుకే పెట్టె మీద 24 అని రాసినా 32 అని రాసినా, అనలాగ్ తీగ మీదికి వచ్చేసరికి మేటి డ్యాక్‌లు కూడా 120-125 డీబీ దగ్గర, అంటే 20 బిట్ల చుట్టుపక్కల ఆగిపోతాయి. అడ్డుపడేది ఇంజినీరింగ్ లోపం కాదు, ఉష్ణోగ్రత.

ఇక మన గదిలోకి వద్దాం. బాగా గట్టిగా వింటే పాట శిఖరాలు 105 డీబీ తాకుతాయనుకోండి. 16 బిట్ల రొద దాని కింద 98 డీబీ లోతున, అంటే 7 డీబీ దగ్గర ఉంటుంది. అర్ధరాత్రి, తలుపులు మూసిన పడకగది 30-35 డీబీ ఉంటుంది. ఫ్యాన్ మూడో నంబరులో తిరుగుతుంటే 45 డీబీ ప్రాంతం. వేసవిలో ఫ్యాన్ కట్టేసి, ఏసీ కట్టేసి, చెమటలు కక్కుతూ డ్యాక్ రొద కోసం చెవులు రిక్కించే వాళ్ళను నేను చూశాను. ఆ బృందంలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

పాట వైపు నుంచి చూసినా ఇదే కథ. ఎనభైల్లో ఇళయరాజా పాటలు మనం విన్న క్యాసెట్ పరిధి, రొద తగ్గించే డాల్బీ లేకపోతే, 50-55 డీబీ. బిట్లలో చెప్పాలంటే 9 దాటదు. 1957లో వచ్చిన మాయాబజార్ కాలపు మాస్టర్ టేపు ఎంత భద్రంగా దాచినా 60-70 డీబీకి మించి అడగలేం. ఘంటసాల గొంతుకు 24 బిట్ల ఫైలు కొంటే ఆ అదనపు బిట్లలో నమోదయ్యేది టేపు బుసే. ఇక ఆ పాటను యూట్యూబ్‌లో వింటున్నట్టయితే వస్తున్నది సెకనుకు సుమారు 128-160 కిలోబిట్లు. సీడీలో ఉండేది 1,411. దీన్ని సరిచేయగల డ్యాక్ ఇంతవరకూ ఎవరూ తయారు చేయలేదు.

డ్యాక్‌లను అంకెలతో పోల్చేవాళ్ళు ఎక్కువగా చెప్పేది సైనాడ్. 1,000 హెర్ట్జ్ టోన్ ఒకటి పంపి, అసలు టోన్ ఎంత, దాని పక్కన చేరిన రొదా వక్రీకరణా కలిపి ఎంత అని చూస్తారు. మధ్య దూరం ఎన్ని డెసిబెల్స్ ఉంటే అంత శుభ్రం. 9 డాలర్ల డాంగిల్‌కి స్వతంత్రంగా కొలిచినవాళ్ళకు వచ్చినది సుమారు 99. ఖరీదైన పెట్టెలకు 120 పైన. పట్టికలో చూస్తే ఒకటి నేల, ఒకటి మేడ. కానీ ఈ పట్టికలో ఎప్పుడూ చేర్చని ఒక వరస ఉంది: స్పీకరు. మామూలు పుస్తకాల అర స్పీకరు కాస్త గట్టిగా మోగించినప్పుడు బేస్‌లో అర శాతం వక్రీకరణ ఇవ్వడం సర్వసాధారణం. సైనాడ్ భాషలో అది 46. డాంగిల్ తప్పు స్పీకరు తప్పుకింద 50 డీబీ లోతున పూడి ఉంది. పెద్ద పెట్టె తప్పు 70 డీబీ లోతున ఉంది. సమాధి ఎంత లోతుగా తవ్వారన్నదే తేడా.

చెవికి నిజంగా అందే తేడాలు

అలాగని అన్ని డ్యాక్‌లూ ఒకేలా మోగుతాయని నేను చెప్పను. అది కూడా తప్పే. ముఖ్యంగా ఇయర్‌ఫోన్ నేరుగా డ్యాక్‌కి తగిలించి వినేవాళ్ళ విషయంలో.

అవుట్‌పుట్ ఇంపెడెన్స్ అని ఒకటుంటుంది. డ్యాక్ లోపల, ఇయర్‌ఫోన్‌కి దారిలో అడ్డంగా కూర్చున్న నిరోధం అనుకోండి. చాలా పెట్టెల మీద దీన్ని అచ్చువేయరు. బ్యాలన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు రెండు మూడు ఉన్న ఇయర్‌ఫోన్ల నిరోధం ఒక ఫ్రీక్వెన్సీలో 8 ఓమ్‌లు, మరో ఫ్రీక్వెన్సీలో 40 ఓమ్‌లు ఉండటం మామూలే. డ్యాక్ ఇంపెడెన్స్ 10 ఓమ్‌లైతే, మొదటి చోట 18లో 8 వంతులే ఇయర్‌ఫోన్‌కి చేరతాయి, నష్టం 7 డీబీ. రెండో చోట 50లో 40, నష్టం 1.9 డీబీ. అంటే పాటలో ఒక భాగం మరో భాగం కన్నా 5 డీబీ లేచి కూర్చుంటుంది. ఈక్వలైజర్ తిప్పినంత తేడా ఇది. చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. అదే ఇయర్‌ఫోన్ 1 ఓమ్ డ్యాక్ మీద పెడితే ఎగుడుదిగుడు 0.8 డీబీకి దిగుతుంది. "ఫలానా డ్యాక్ నా ఇయర్‌ఫోన్ స్వభావాన్నే మార్చేసింది" అని ఎవరైనా అంటే కొట్టిపారేయకండి. ముందు ఈ అంకె అడగండి. 1 ఓమ్ చుట్టుపక్కల ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు.

ఇయర్‌ఫోన్లతోనే ఇంకో చిక్కు బుస. వోల్టుకు 120 డీబీ ఇచ్చే సున్నితమైన ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టారు, డ్యాక్ రొద 10 మైక్రోవోల్టులు. చెవిలో 20 డీబీ బుస. చెవి మూసుకుపోయి ఉంటుంది కాబట్టి బయటి ఫ్యాన్ దాన్ని పూర్తిగా కప్పదు. పాటకీ పాటకీ మధ్య వినిపిస్తుంది. 2 మైక్రోవోల్టుల డ్యాక్ అయితే 6 డీబీ. ఇక దాని గురించి ఆలోచించక్కర్లేదు.

ఫిల్టరు సంగతి. పాతకాలపు రుచి అంటూ అమ్మే 'నాస్' డ్యాక్‌లలో ఓవర్‌శాంప్లింగ్, అంటే ఫిలిప్స్ చేసినట్టు నమూనాల వేగం పెంచడం, ఉండదు, నమూనాను అలాగే మెట్టుగా వదిలేస్తారు. దానివల్ల ఎత్తైన స్వరాలు క్రమంగా వాలిపోతాయి. 10 కిలోహెర్ట్జ్ దగ్గర 0.75 డీబీ, 15 దగ్గర 1.7, 20 దగ్గర 3.2. తాళాల గలగల, గజ్జెల మువ్వల అంచు, హైహ్యాట్ మెరుపు ఉండేది అక్కడే. కుర్ర చెవులకు ఇది అందుతుంది, మెత్తగా, మృదువుగా అనిపిస్తుంది. నచ్చితే తప్పేం లేదు. ట్రెబుల్ నాబ్ కాస్త వెనక్కి తిప్పినా దాదాపు అదే వస్తుంది, అది ఉచితం. ఇక యాభై దాటిన నాబోటి వాళ్ళకు 14-15 కిలోహెర్ట్జ్ పైన లోకం ఎలాగూ నిశ్శబ్దమే.

మన ఇళ్ళలో డ్యాక్ మారిస్తే చెవికి బాగా తెలిసే తేడా, నా అనుభవంలో, సంగీతంతో సంబంధం లేనిది. గుయ్యిమనే మోత. లాప్‌టాప్ ఛార్జర్‌కి రెండు పిన్నులే ఉంటాయి, యాంప్‌కి మూడు, గోడలో ఎర్త్ ఉందో లేదో ఆ ఎలక్ట్రీషియన్‌కే ఎరుక. యూఎస్‌బీ తీగ గుండా ఆ గొడవంతా డ్యాక్‌లోకి, అక్కణ్ణుంచి యాంప్‌లోకి పోతుంది. 50 హెర్ట్జ్‌లో, 100 హెర్ట్జ్‌లో మోత, దాని మీద సన్నటి గీర. మా ఇంట్లో పాత ఛార్జర్‌తో ఇదే తంతు నడిచేది. ఛార్జర్ పీకితే మాయం, పెడితే ప్రత్యక్షం. ఎంత ఖరీదైన చిప్ ఉన్నా ఇది పోదు. ఆప్టికల్ తీగతో పోతుంది. తోషిబా 1983లో తెచ్చిన టాస్‌లింక్. అందులో వెలుగే తప్ప రాగి ఉండదు, ఎర్త్ గొడవ దాటడానికి దారే లేదు. టీవీ వెనక చతురస్రంగా ఉండే ఆ కన్నం చాలా ఇళ్ళలో మూత కూడా తీయకుండా అలాగే ఉంటుంది.

జిట్టర్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. నమూనాల గడియారం వణుకు అది. 2005లో జపాన్ పరిశోధకులు సంగీతంలో కావాలని వణుకు కలిపి వినిపిస్తే, కొన్ని వందల నానోసెకన్లు దాటితే తప్ప శ్రోతలు పట్టలేకపోయారు. నేటి సాదా డ్యాక్‌లలో అది ఒక నానోసెకను లోపే.

చిప్ పేరు, కులం పేరు

డ్యాక్ అభిమానుల్లో చిప్‌ను బట్టి వర్గాలున్నాయి. జపాన్ ఏకేఎం చిప్ మెత్తన, అమెరికా ఈఎస్ఎస్ చిప్ పదును అని ఒక నానుడి. ఏకేఎం తన చిప్‌లకు వెల్వెట్ సౌండ్ అని పేరు పెట్టుకుంది, మఖమల్ అన్నాక మెత్తగా వినబడక ఏమవుతుంది! 2020 అక్టోబరు 20న మియాజాకి జిల్లా నోబెయోకాలో ఉన్న ఆ సంస్థ కర్మాగారం అంటుకుని రోజుల తరబడి మండింది. ప్రపంచమంతటా చిప్‌లు కరువయ్యాయి. తయారీదారులు కొందరు అదే తరహా పెట్టెలో ఏకేఎం చిప్ తీసి ఈఎస్ఎస్ చిప్ పెట్టి అమ్మారు. పెట్టె నుంచి బయటికి వచ్చే ధ్వని కొలతలు దాదాపు ఎప్పటిలాగే శుభ్రంగా వచ్చాయి. చిప్ చుట్టూ ఉండే విద్యుత్ సరఫరా, ఆప్-యాంప్‌లు, బోర్డు గీసిన చేయి, వీటికి ఉండే ప్రభావం చిప్ పేరుకి లేదు.

ఆర్-2ఆర్ నిచ్చెన డ్యాక్‌లది మరో వర్గం. రెసిస్టర్లను నిచ్చెనలా పేర్చి ఒక్కో బిట్‌కి ఒక్కో మెట్టు ఇస్తారు. చూడటానికి ఎంతో అందం, ఆలోచన కూడా సూటిగా ఉంటుంది. చిక్కల్లా రెసిస్టర్ల ఖచ్చితత్వంలో. 16 బిట్లకు కావలసినది 65,536లో ఒక వంతు, అంటే 0.0015 శాతం. బజారులో దొరికే మేలురకం 0.01 శాతం రెసిస్టర్‌తో లెక్క 13-14 బిట్ల దగ్గర ఆగుతుంది. మిగతాది సరిదిద్దే చిట్కాలతో పూడుస్తారు. ఈ డ్యాక్‌లు వినడానికి బాగుంటాయి. బాగుంటాయనడానికీ, మరింత నిజంగా ఉంటాయనడానికీ మధ్య తేడా ఉందని మాత్రం కొనే ముందు గుర్తుంచుకోవాలి.

చెవులను పరీక్షకు కూర్చోబెడితే

అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు 2007లో ఒక ప్రయోగం అచ్చువేశారు. సీడీని మించిన నాణ్యత ఉన్న హై రిజల్యూషన్ డిస్కుల ధ్వని దారిలో 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ ఉన్న మార్పిడి యంత్రాన్ని అడ్డం పెట్టారు. అంటే పాట అదనంగా ఒకసారి అంకెలుగా మారి, మళ్ళీ ఒక డ్యాక్ గుండా బయటికి రావాలి. అది దారిలో ఉందో లేదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. నూటికి 49.8. వాళ్ళు వాడిన డిస్కుల్లో కొన్ని అసలు హై రిజల్యూషనే కాదని విమర్శ వచ్చింది, అది న్యాయమైన విమర్శే. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రైస్ 18 ప్రయోగాలను, 12,500కు పైగా ప్రయత్నాలను కలిపి లెక్కగట్టాడు. సీడీ స్థాయికీ అంతకు మించినదానికీ తేడాను సరిగ్గా పట్టిన జవాబులు 52.3 శాతం. తర్ఫీదు పొందిన చెవులు ఇంకాస్త మెరుగు. అంత పెద్ద లెక్కలో 2.3 శాతం యాదృచ్ఛికం కాదు, ఏదో ఉంది. కానీ "తెర తీసేసినట్టు" అనే మాటకు 52.3 సరితూగదు.

మీరూ ఇంట్లో చేయవచ్చు, ఖర్చేం లేదు. ఒక్కచోటే జాగ్రత్త. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో మొదలుకుని ప్రతి ఊళ్ళో రెండు మూడు వందలకు దొరికే పసుపు రంగు మల్టీమీటరుకు ఏసీ వైపు చాలావాటిలో 200, 750 వోల్టుల స్థాయిలే ఉంటాయి. అది 0.1 వోల్టు కంటే చిన్న తేడా చూపలేదు. 2 వోల్టుల మీద 0.1 అంటే 0.4 డీబీ, చెవిని మోసం చేయడానికి అది చాలు. మనకు కావలసినది 0.1 డీబీ లోపు, అంటే 2 వోల్టుల మీద 23 మిల్లీవోల్టులు. ఏసీలో 2 వోల్టుల స్థాయి ఉన్న మీటరు అరువు తెచ్చుకోండి. టోన్ 100 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటే చవక మీటర్లు కూడా నిజం చెబుతాయి. కొలిచేటప్పుడు స్పీకర్లు మోగుతూ ఉండకూడదు, ఆ టోన్‌కి కోన్లు చిరిగిపోగలవు.

మేం అలాగే చేశాం. నల్ల పెట్టె వాల్యూమ్ అర డెసిబెల్ మెట్లలో దిగుతుంది. 6.5 దించితే 0.994 వోల్టు వచ్చింది. డాంగిల్ 1.000. తేడా 0.05 డీబీ, సరిపోతుంది. యాంప్‌కి రెండు ఇన్‌పుట్‌లు, రెండింటికీ రెండు డ్యాక్‌లు. కర్టెన్ వెనక మా ఆవిడ కూర్చుని నాణెం ఎగరేసి బొమ్మయితే ఒకటి, బొరుసైతే ఒకటి పెట్టేది. టక్కుమనే శబ్దాన్ని బట్టి కనిపెడతామని ప్రతిసారీ ఇన్‌పుట్ నాబ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి మరీ ఆపేది. ఒకే పాటలో ఒకే 20 సెకన్లు. ధ్వని వివరాలు మనసులో నిలిచేది కొన్ని సెకన్లే కాబట్టి ముక్క చిన్నదిగా ఉండాలి. ఒక్కొక్కరికి 16 వంతులు.

16 ఎందుకంటే, గుడ్డిగా చెప్పినా 16లో 12 లేదా అంతకు మించి సరిపోయే అవకాశం నూటికి 4 లోపే. అందుకని 12ని గీతగా పెట్టుకున్నాం. లెక్క వేస్తుంటే ఒక తమాషా తగిలింది. 16 సార్లు నాణెం ఎగరేస్తే రాగల వరసలు 65,536. సీడీ మెట్లెన్నో అన్ని.

బావమరిదికి 16లో 9 వచ్చాయి. ఊరికే నాణెం వేసుకుని చెప్పినా 9 లేదా అంతకు మించి నూటికి 40 సార్లు వస్తాయి. నాకు 7.

"అక్కా, మళ్ళీ ఒకసారి పెట్టవా?" అన్నాడు.

"ఇద్దరివీ కలిపితే 32కి 16 అయ్యాయి కదరా, ఇంకేం కావాలి?" అంది ఆవిడ కర్టెన్ వెనక నుంచి.

కొనబోయేవాళ్ళకు నా తీర్పు ఇది. యాంప్‌కి తగిలించే డ్యాక్‌కైతే 2 వోల్టుల లైన్ అవుట్ ఉండాలి, ఇయర్‌ఫోన్‌కైతే 1 ఓమ్ చుట్టూ ఇంపెడెన్స్, సైనాడ్ 100 చుట్టుపక్కల, మీ ఇంటికి అవసరమైన ఆప్టికల్ కన్నమో బ్లూటూతో. ఇవి నాలుగైదు వేల నుంచే దొరుకుతాయి. 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్ ఉంటే డాంగిల్ ఇచ్చే 1 వోల్టు చాలకపోవచ్చు, అప్పుడు బలమైన పెట్టె కొనడంలో అర్థముంది. ఆపైన మిగిలే డబ్బు స్పీకర్లకు పెట్టండి. డ్యాక్ ఫ్రీక్వెన్సీ గీత 0.1 డీబీ అటూ ఇటూ ఊగితే మంచి స్పీకరుది 3 డీబీ ఊగుతుంది, మన గదుల గ్రానైట్ నేల, బోడి గోడలు దానికి ఇంకో పది కలుపుతాయి. ఓ తివాచీ, మందపాటి కర్టెన్లు వేస్తే వచ్చే తేడాను కళ్ళు మూసుకుని 16కి 16 సార్లు చెప్పవచ్చు.

బావమరిది వెళ్ళేటప్పుడు ఆ నల్ల పెట్టె మా ఇంట్లోనే వదిలేసి వెళ్ళాడు. ఇప్పుడది ఆప్టికల్ తీగతో టీవీకి తగిలించి ఉంది. గుయ్యిమనే మోత లేదు. పాటలు మాత్రం తెల్ల తీగ మీదే వింటున్నాం. మీరు కొత్తగా ఏదైనా కొని ఉంటే, వాపసు గడువు ముగిసేలోగా ఒక రాత్రి మీటరు పెట్టి, ఇంట్లో ఎవరినైనా కర్టెన్ వెనక కూర్చోబెట్టండి.